వట్టిపోయిన రోజుల మేత ఎవరి ఖాతాలో?

(మా సంఘం పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పూర్తిగా పాడి మీదే బతకొచ్చా అని ఈమధ్య చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. కౌలు గిట్టక వదిలేసినవాళ్లు అడుగుతున్నారు, పట్నంలో పని పోయి ఊరికి తిరిగొచ్చిన కుర్రాళ్లు అడుగుతున్నారు. బతకొచ్చని తేలిగ్గా చెప్తే వాళ్లను అప్పులోకి నెట్టినట్టే. బతకలేరని చెప్పడానికీ మాకు నోరు రాదు, మా ఇళ్లు నడిచేది పాల డబ్బుతోనే. అందుకే ఈరోజు లెక్క చెప్పుకుందాం.

బర్రెలు కొనమని చెప్పేవాళ్లు చూపించే లెక్క ఒకటుంది. బర్రె పూటకు 3 చొప్పున రోజుకు 6 లీటర్లు పోస్తుంది. కిలో వెన్నకు 800 రూపాయలు, పాలలో వెన్న 6.5 శాతం అనుకుంటే లీటరుకు 52 రూపాయలు. పాలిచ్చే బర్రెకు 4 కిలోల దాణా, కిలో 28 చొప్పున 112 రూపాయలు. పచ్చిగడ్డి, వరిగడ్డి కలిపి 60. మొత్తం 172 రూపాయలు. పాల డబ్బు 312, ఖర్చు పోను 140 మిగిలింది. 10 బర్రెలుంటే రోజుకు 1,400 రూపాయలు. ఇంకేం కావాలి అంటారు.

ఈ లెక్కలో కూడిక తప్పు లేదు. కానీ బర్రె ఏడాది పొడుగునా పాలివ్వదు. 300 రోజులు పాలిచ్చి వట్టిపోతుంది. మన ఊళ్లలో ఒక ఈతకూ ఇంకో ఈతకూ మధ్య 15 నెలలు పట్టడం మామూలే. అంటే 450 రోజుల్లో 150 రోజులు పాలు లేవు, మేత మాత్రం ఆగదు. వట్టిపోయిన బర్రెకు కిలోన్నర దాణా, గడ్డి కలిపి రోజుకు 102 రూపాయలు.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. ఈతకు 1,800 లీటర్లు, 93,600 రూపాయలు. పాలిచ్చే 300 రోజుల మేత 51,600. వట్టి రోజుల మేత 15,300. మిగిలింది 26,700. దాన్ని 450 రోజులకు పంచితే బర్రెకు రోజుకు 59 రూపాయలు. 10 బర్రెలకు 590. మనకు చూపించిన 1,400 ఎక్కడ, ఈ 590 ఎక్కడ? ఇందులోంచే మందులు, సూది ఖర్చు, బీమా, కరెంటు, బర్రెలు కొన్న అప్పు కిస్తీ కట్టాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాత్రి దాకా చేసే ఇద్దరి చాకిరీ కూడా ఇందులోనే. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఇద్దరికి 614. అప్పు కట్టకముందే మన రాబడి ఆ కూలి కంటే తక్కువ.

రేట్లు ఊరూరికీ వేరుగా ఉంటాయి. మీ రేట్లు పెట్టి ఈ లెక్క మీ ఇంట్లో మీరు వేసుకోండి. వట్టి రోజులను మాత్రం వదిలేయకండి.

ఇందులో మన చేతిలో ఉన్నది ఒకటుంది, ఈతల మధ్య ఎడం తగ్గించడం. బర్రె చూడి దాదాపు 310 రోజులు. ఈనిన మూడు నెలల లోపు చూడి కడితే 13 నెలలకు మళ్లీ ఈనుతుంది. అప్పుడు ఇదే మేత ధరకు, ఇదే పాల రేటుకు 10 బర్రెల మీద రోజుకు దాదాపు 820 మిగులుతుంది. అంటే లీటరుకు ఐదు రూపాయలకు పైగా రేటు పెరిగినంత లాభం. బర్రెల్లో మూగ ఎద ఎక్కువ. ఎండాకాలంలో పగలు అసలు కనపడదు. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చూడాలి. ఈనిన రెండు నెలలకు ఎదకు రాకపోయినా, రెండు మూడుసార్లు సూది వేయించినా తిరగపొర్లుతున్నా డాక్టరుకు చూపించాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. ఖనిజ లవణ మిశ్రమం, నట్టల మందు ఖర్చని మానేస్తే ఆ డబ్బు వట్టి రోజుల మేత కింద పోతుంది. సెంటు భూమి ఉన్నా పచ్చిగడ్డి వేయాలి. వరి కోత మిషన్లు వచ్చాక గడ్డి కూడా కొనుక్కునే సరుకైపోయింది.

మన చేతిలో లేనివి కూడా చెప్పుకోవాలి. మొదటిది వెన్న కొలత. 6.5 ఉన్న పాలకు 6 అని రాస్తే లీటరుకు 4 రూపాయలు పోయినట్టు. 10 బర్రెల ఇంట్లో సగటున రోజుకు 40 లీటర్లు. అర పాయింటుతో రోజుకు 160 రూపాయలు పోతాయి. మా దగ్గర ఒక పాలకేంద్రంలో చీటీ అడిగితే "నమ్మకం లేకపోతే వేరేచోట పోసుకోండి" అన్నారు. పది కుటుంబాలు కలిసి వెళ్లి నిలబడ్డాక చీటీ ఇవ్వడం మొదలైంది. ఒక్కరు అడిగితే గొడవ అన్నారు, పదిమంది అడిగితే పద్ధతి అయింది.

రెండోది ధర. కేంద్రం 22 పంటలకు మద్దతు ధర ప్రకటిస్తుంది, వాటిలో పాలు లేవు. దాణా బస్తా పెరిగిన రోజున పాల రేటు పెరగదు. వట్టి రోజుల మేతను, ఇంటివాళ్ల చాకిరీని లెక్కలోకి తీసుకునే ధర ఎక్కడా లేదు.

మూడోది అప్పు. కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషణకు కూడా ఇస్తామని 2018-19 బడ్జెట్‌లోనే చెప్పారు. 2 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం రాయితీ. మేతకు, దాణాకు పనికొచ్చే అప్పు ఇది. బ్యాంకులో అడగనిదే ఎవరూ చెప్పరు. దాణా కొట్లో అరువు పెట్టి, ఆ అరువు కోసం వాళ్లు చెప్పిన కేంద్రానికే పాలు పోసేవాళ్లు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు.

1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు వ్యాపారికి పాలు పోయడం మానేసి, సొంత సంఘం పెట్టుకున్నారు. వాళ్లు మనకంటే పెద్ద రైతులేం కాదు. ఒకటి రెండు బర్రెలున్న వాళ్లే ఎక్కువ.

అందుకే మేము అడిగేవి ఇవి. ప్రతి కేంద్రంలో పోసినవాళ్ల కళ్లముందే వెన్న కొలవాలి, పూటపూటకూ చీటీ ఇవ్వాలి. పాలకు ఏడాది పొడుగు ఖర్చు మీద, వట్టి రోజులు కలిపి, ధర కట్టాలి. అర్హులైన ప్రతి పాడి కుటుంబానికీ కార్డు ఇవ్వాలి. పాల పుస్తకం, సంఘ సభ్యత్వం పేడ తీసి పాలు పితికే ఆడవాళ్ల పేరు మీద కూడా ఉండాలి.

వచ్చే నెల సమావేశానికి ప్రతి ఇంటి నుంచీ ఒక నోటుపుస్తకం తీసుకురండి. బర్రె ఎప్పుడు ఈనింది, ఎప్పుడు సూది వేయించారు, ఎప్పుడు వట్టిపోయింది, దాణాకెంత, పాలకెంత అన్నీ అందులో రాయండి. ఆ పుస్తకాలన్నీ కలిపితేనే రేపు మనం కలెక్టరు ముందు పెట్టే అర్జీకి బలం.