ఎలుకజ్వరమును గూర్చి నాలుగు మాటలు



నేను వైద్యుఁడను గాను. 30 సంవత్సరములు బాలురకు సంస్కృతము బోధించినవాఁడను. అయినను నా శిష్యుఁ డొకఁడు కామెర్లతో మరణించుటను కన్నులారఁ జూచితిని గావున ఈ విషయమును సభాముఖమున విన్నవించుచున్నాను.

సైంధవమను పదమునకు ఉప్పనియు, గుఱ్ఱమనియు రెండర్థములు గలవు. భోజనవేళ సైంధవము తెమ్మన్నచో ఉప్పును, ప్రయాణవేళ నన్నచో గుఱ్ఱమును తేవలయును. కామెర్లును అట్టివే. అవి లక్షణమే కాని రోగము కాదు. సందర్భమే యర్థమును నిర్ణయించును. నా శిష్యుఁడు వరిమడిలో దిగిన పది దినములకు తీవ్రజ్వరము, పిక్కలలో భరింపరాని నొప్పి, కన్నులలో ఎఱ్ఱదనము కలిగినవి. పిదప కన్నులు పచ్చబడెను. ఇంటివారు పసరు పోయించి నాలుగు దినములు పథ్యముంచిరి. మూత్రము తగ్గినదా యని యెవ్వరును అడుగలేదు. చూడఁబోయిన నేనును అడుగలేదు. ఆసుపత్రి చేరునప్పటికి కాలము మించిపోయెను.

ఈ వ్యాధి తీవ్రరూపమును 1886లో జర్మనీయందు అడాల్ఫ్ వైల్ వర్ణించెను. దీనికి కారణమగు లెప్టోస్పైరా యను సూక్ష్మజీవిని 1915లో జపానునందు ఇనాడా, ఇడో యను వైద్యులు కనుఁగొనిరి. అది ఎలుకల మూత్రముతో నీటఁ గలసి, కాలి పగుళ్లగుండ దేహమున ప్రవేశించును. ముదిరినచో కాలేయమును, మూత్రపిండములను చెఱచును. ఊపిరితిత్తులలో రక్తస్రావమును గల్గింపవచ్చును.

రక్తపరీక్షలో బిలిరుబిన్ మిక్కిలి పెరిగియు కాలేయపు ఎంజైములు కొలఁదిగానే పెరిగినచో, క్రియాటినిన్ హెచ్చి ప్లేట్‌లెట్లు తగ్గినచో, వైద్యుఁడు ఈ జ్వరమును శంకించును. మొదటి వారమున పీసీఆర్, పిదప ఐజీఎమ్ పరీక్ష నిర్ధారణకుఁ దోడ్పడును. అయినను ఫలితమునకై వేచియుండక పెన్సిలిన్ గాని సెఫ్ట్రయాక్సోన్ గాని సిరలోనికి ఇచ్చుట ప్రారంభింతురు. సాధారణముగా 7 దినములు ఇత్తురు. మూత్రపిండములు పని మానినచో డయాలిసిస్ చేయుదురు. ఆ పేరు విని భయపడి రోగిని ఇంటికిఁ గొనిరావలదు. బ్రతికి బయటపడినవారిలో పెక్కురకు మూత్రపిండములు మరల కోలుకొనును. జీవితాంతము డయాలిసిస్ అక్కఱ యుండదు.

దాతలారా! కాలువలు, గట్లు బాగుచేయువారికి రబ్బరు బూట్లు ఒసంగుఁడు; బీదరోగులను ఆసుపత్రికిఁ జేర్చుటకు సంఘనిధినుండి కొంత ధనమును ప్రత్యేకింపుఁడు. గృహస్థులారా! జ్వరముతో కన్నులు పచ్చబడినచో, మూత్రము సరిగా వచ్చుచున్నదా యని యడుగుఁడు. ఏ బదులు వచ్చినను ఆ దినముననే వైద్యునికిఁ జూపుఁడు. ఆ ప్రశ్న నేను ఆనాఁడు అడుగవలసియుండెను.

స్వస్తి.