గడియారపు టద్దము – తగిన పనిముట్టు



పెక్కిండ్లలో తాతతండ్రుల నాటి చేతిగడియార మొకటి పెట్టె యడుగున నుండును. యంత్రము చక్కగనే నడచును గాని, పైయద్దము గీతలు పడి మసకబారుటచే వేళ కనబడదు. అంతట నింటిలోని కుఱ్ఱవా డొకడు చాకుమొనతో దానిని పెకలింప బూనును. చాకు జాఱును, ముల్లు వంగును, అంకెల పలకపై గీత పడును. అద్దము మరల కొనవచ్చును. పెద్దల గుర్తు కొనరాదు. కావున నే యద్దమున కే పనిముట్టు తగునో నేడు మనవి చేసెదను.

సంధిని విడదీయుటకు ముందు అది యే సంధియో తెలియవలెను గదా! ఇచ్చటను నదియే నియమము. ఈ యద్దములు ముఖ్యముగా మూడు తెఱగులు: ప్లాస్టికు జాతిదగు ఆక్రిలిక్కు, గాజు, సఫైరు అను స్ఫటికము. హెచ్.ఎం.టి. వారు 1961లో జపాను దేశపు సిటిజను సంస్థ తోడ్పాటుతో బెంగుళూరున గడియారముల తయారీ ప్రారంభించిరి. ఆ గడియారముల శాఖ 2016లో మూతపడినను, వారి జనతా గడియారములు నేటికిని పెక్కు చేతులపై నడచుచున్నవి. దాని యద్దము ఆక్రిలిక్కు. గోటితో మెల్లగా తట్టినచో ఆక్రిలిక్కు మందముగా పలుకును. గాజును స్ఫటికమును ఖణిల్లుమనును, తాకినంతనే చల్లగా తోచును.

ఆక్రిలిక్కునకు వంగు గుణము కలదు. గీతలు స్వల్పములైనచో దానిని తీయనే వలదు. మెఱుగుపెట్టు లేపనముతో మెత్తని గుడ్డ నద్ది రుద్దిన చాలును. గోటితో పోవుదానికి గొడ్డలి యేల? బీట వాఱినచో మాత్రము తీయవలెను. అందులకు గుండ్రముగా నమరిన సన్నని గోళ్లు గల పట్టుసాధన మొకటి కలదు. మర త్రిప్పినకొలది గోళ్లు అంచును చుట్టును సమముగా లోనికి నొక్కును. అద్దము ఒకింత కుంచించుకొని యూడివచ్చును. అంచులోపల లోహపు వలయ మున్నచో నట్లు కుంచించుకొనదు. దానిని లోపలినుండి నొక్కి తీయుట మేలు.

గాజును స్ఫటికమును వంగవు. గోళ్ల సాధనముతో బిగించినచో పగిలి, పెంకులు ముండ్లపై రాలును. వీనికి వెనుక మూత తెఱచి, యంత్రమును వెలికి తీసిన పిమ్మట, నైలాను బిళ్లలు గల ప్రెస్సుతో లోపలినుండి మెల్లగా నొక్కవలెను. నొక్కెడు బిళ్ల అద్దముకంటె నొకింత చిన్నది గావలెను. క్రింది వలయము కేసును మోయుచు, అద్దము వెలువడుటకు చో టీయవలెను. కొన్నిటికి అద్దము చుట్టునుండు లోహపు కట్టే యూడివచ్చును; దాని యంచునందలి చిన్న సందున పలుచని, పదునులేని కేసుచాకును మాత్రమే చొప్పింపవలెను.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. 1960కి పూర్వపు గడియారములు కొన్నిటికి, చీకటిలో వెలుగుటకై అంకెలకును ముండ్లకును రేడియము కలిసిన పూత పూసిరి. అది నేడు వెలుగకపోవచ్చును. వెలుగునిచ్చు పదార్థము చెడినదే గాని రేడియము పోలేదు. అది సగమగుటకే సుమారు 1600 సంవత్సరములు పట్టును. పెళుసైన యా పూత ధూళియై యూపిరితో లోనికి పోయినచో మహాపాయము. గోధుమరంగు తిరిగిన యట్టి పూత కనబడినచో ఆ గడియారము నింట తెఱవరాదు. దానికి మన యింట నే పనిముట్టును తగదు.

క్రొత్త యద్దమును కొనుటకు ముందు వెర్నియరు కొలముట్టుతో మిల్లీమీటరులో పదియవ వంతు వఱకు కొలిపింపుడు. పనివానికి గడియార మిచ్చునపుడు, “నాయనా, ఇది యే జాతి యద్దము? దేనితో తీసెదవు?” అని యడుగుడు. తెలిసినవాడు సంతోషముతో చెప్పును. చాకు చేతబట్టి తడబడువానికి గడియార మీయకుడు.