మనం నేర్వవలసిన ఊపిరి లెక్క



మా లక్డారంలో మనవడికి పుట్టిన ఆరోనాడు ఆయాసం వచ్చింది. “పాలు పట్టడం చేతకాక ఊపిరితిత్తుల్లోకి పోయాయి” అని కోడలిని నిందించాను. హైదరాబాదులో, 1953 నాటి నిలోఫర్ ఆసుపత్రిలో గొట్టం వేసి తీసిన నీరు పాలలాగే తెల్లగా ఉంది. నా మాటే నిజమనుకున్నాను.

డాక్టరుగారు కాదన్నారు. పేగుల నుంచి కొవ్వును రక్తంలోకి చేర్చే సన్నని నాళం కారి, ఆ రసం ఊపిరితిత్తి చుట్టూ చేరిందట. తల్లి తప్పేమీ లేదన్నారు. కొన్నాళ్లు తల్లిపాలు ఆపి నరం ద్వారా పోషణ ఇచ్చారు. తరువాత వేరే రకం కొవ్వున్న పాలు పట్టారు. కారడం ఆగింది. కోడలికి క్షమాపణ చెప్పుకున్నాను.

జీవితమంతా లెక్కలు రాసిన గుమాస్తాను. ఈ లెక్క ఆలస్యంగా నేర్చాను. పసిబిడ్డ ఊపిరి నిమిషానికి 60, అంతకు మించినా, డొక్కలెగరేసినా, పెదవులు నీలమైనా నింద మాని 108కు ఫోన్ చేయండి.

సెలవు.