ముస్తఫా, క్రికెట్ 07, ఐజీఐ: ఏ పాత గేమ్‌కి రీమేక్ రావాలి?

మన్నెగూడ నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చా. ఈరోజు టాపిక్ చాలామంది అడిగిందే. పాత వీడియో గేమ్స్‌లో కొత్తగా రీమేక్ చేయదగ్గవి ఏవి?

ఈ టాపిక్ మీద లిస్టులు బోలెడు ఉన్నాయి. అమెరికా వాడి లిస్ట్ ఉంది, జపాన్ వాడి లిస్ట్ ఉంది. అవన్నీ మంచి గేమ్సే, కాదనను. కానీ సాగర్ రోడ్డు మీద నెట్ సెంటర్‌లో కూర్చుని, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ఉండి మనం ఆడినవి అవి కావు కదా. అందుకే ఈ లిస్ట్ మనది.

ముందు ఒక చిన్న క్లారిటీ. రీమాస్టర్ వేరు, రీమేక్ వేరు. రీమాస్టర్ అంటే పాత ఇంటికి కొత్త రంగులేయడం. రీమేక్ అంటే అదే ప్లాన్‌తో పునాది నుంచి మళ్ళీ కట్టడం. 1998లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2ని క్యాప్‌కామ్ 2019లో అలాగే మళ్ళీ కట్టింది. కెమెరా మారింది, కంట్రోల్స్ మారాయి, భయం మాత్రం అదే.

ఏ గేమ్‌కైనా నేను మూడు ప్రశ్నలు వేస్తా. ఒకటి, ఇప్పుడు దాన్ని డబ్బులిచ్చి కొనుక్కోవడానికి దారి ఉందా? రెండు, లోపలున్న ఐడియా ఇంకా గట్టిగా ఉండి, పాతబడింది టెక్నాలజీ మాత్రమేనా? మూడు, రీమేక్ చేస్తే అప్పుడు ఆడినవాళ్ళ దగ్గర ఇప్పుడున్న మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా?

ఈ లెక్కన కొన్ని వెంటనే పక్కకి పోతాయి. కాంట్రాకి 2024లో ఆపరేషన్ గలుగా వచ్చేసింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అయితే 1999 గేమ్, 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది. 2022లో ఇండియా మీద ఒక ఎక్స్‌పాన్షన్ కూడా ఇచ్చారు, అందులో రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ ఉంది. ఇంకేం అడుగుతాం?

ఇప్పుడు అందరూ అరిచే పేరు, వైస్ సిటీ. దానికి రీమేక్ కావాలి అనే ముందు 2021 నవంబర్ గుర్తు తెచ్చుకోండి. జీటీఏ ట్రైలజీ డెఫినిటివ్ ఎడిషన్ రిలీజైంది. వాన పడితే రోడ్డు కనపడదు, మనుషుల మొహాలు బొమ్మల్లా ఉన్నాయి, రేడియోలో కొన్ని పాటలు లేవు. పైగా ఇది వస్తోందని పాత వెర్షన్లని స్టోర్ల నుంచి తీసేశారు. జనం గోల చేశాక రాక్‌స్టార్ సారీ చెప్పి, పీసీ వాళ్ళకి పాతవి తిరిగి పెట్టింది. నేర్చుకోవాల్సింది ఏంటంటే, చెడ్డ రీమేక్ వస్తే కొత్తది బాగోదు, పాతది కూడా చేతికందకుండా పోవచ్చు. "ఏదో ఒకటి వస్తే చాలు" అనకూడదు.

ఇక నా మూడు గేమ్స్.

మొదటిది ముస్తఫా. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. 1993లో క్యాప్‌కామ్ చేసిన ఆర్కేడ్ గేమ్. మార్క్ షుల్ట్జ్ గీసిన జెనోజోయిక్ టేల్స్ అనే కామిక్ దీనికి ఆధారం. నలుగురు హీరోలున్నా మనవాళ్ళు గేమ్‌కే ముస్తఫా అని పేరు పెట్టేశారు, ఎందుకంటే టోపీ పెట్టుకున్న ఆ ముస్తఫా అందరికన్నా స్పీడు. "అరేయ్, ముస్తఫా నాది" అని గొడవ పడని బ్యాచ్ ఉందా? ముగ్గురు ఒకే మెషీన్ ముందు నిలబడి ఆడొచ్చు. లైఫ్ తగ్గినవాడికి తిండి వదిలేయాలి, గన్ ఎవరు తీసుకోవాలో అరుచుకోవాలి. ఆ అరుపులే ఆ గేమ్ డిజైన్.

ఇంత పాపులర్ గేమ్ ఇంటి కన్సోల్‌కి అఫీషియల్‌గా ఎప్పుడూ రాలేదు. 2018లో క్యాప్‌కామ్ తన పాత ఫైటింగ్ గేమ్స్‌ని బీటెమప్ బండిల్‌గా ఇచ్చినప్పుడు కూడా ఇది లేదు. హక్కులు చిక్కుముడి. పాత్రలు కామిక్‌వి, కాడిలాక్ పేరేమో జనరల్ మోటార్స్‌ది. సాధ్యం కాదా అంటే, 2022లో కొనామి నింజా టర్టిల్స్ పాత గేమ్స్ కలిపి కవాబంగా కలెక్షన్ ఇచ్చింది. అవీ లైసెన్స్ గేమ్సే. కూర్చుని మాట్లాడుకుంటే దారి ఉంటుంది. పైగా కారు పేరు తీసేసినా మనకి ఫరక్ పడదు, మనం ఆ పేరుతో ఎప్పుడు పిలిచాం?

రెండోది క్రికెట్ 07. ఈఏ స్పోర్ట్స్ 2006 నవంబర్‌లో రిలీజ్ చేసింది. కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్ తయారు చేసింది, కామెంటరీ రిచీ బెనో, మార్క్ నికోలస్. దాని తర్వాత ఈఏ పీసీకి క్రికెట్ గేమ్ చేయలేదు. చాలా టీమ్స్‌కి లైసెన్స్ లేక మన ప్లేయర్ల పేర్లు కూడా వంకరటింకరగా ఉండేవి. అప్పుడేమైంది? ఫ్యాన్సే దిగారు. పేర్లు సరిచేశారు, జెర్సీలు మార్చారు, స్టేడియాలు మార్చారు, ఐపీఎల్ ప్యాచ్‌లు చేశారు. కంపెనీ వదిలేసిన గేమ్‌ని ఏళ్ళ తరబడి జనం బతికించారు.

మరి కొత్త క్రికెట్ గేమ్స్ లేవా? ఉన్నాయి. ఆస్ట్రేలియా బిగ్ యాంట్ వాళ్ళ క్రికెట్ 24 ఉంది. మొబైల్‌లో చెన్నై నెక్స్ట్‌వేవ్ వాళ్ళ వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్ ఉంది. కానీ హాస్టల్లో ఎవరి డొక్కు ల్యాప్‌టాప్‌లో అయినా ఓపెన్ చేయగానే నడిచేది 07. గ్రాఫిక్స్ కార్డ్ అడగదు, నెట్ అడగదు, కాయిన్లు కొనమని అడగదు. దీనికి రీమేక్ చేస్తే ఫొటో లాంటి మొహాలు నాకొద్దు. ఆ బ్యాటింగ్ టైమింగ్ ఉంచండి, ఫీల్డింగ్ బాగుచేయండి, పేర్లూ జెర్సీలూ మార్చుకునే టూల్స్ మా చేతికివ్వండి. లైసెన్స్ తలనొప్పి సగం అక్కడే తీరుతుంది.

మూడోది ప్రాజెక్ట్ ఐజీఐ. నార్వేలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్, 2000 డిసెంబర్. విమానాల గేమ్ కోసం రాసుకున్న ఇంజన్‌తో చేశారు, అందుకే మ్యాప్‌లు అంత పెద్దవి. కొండ మీద పడుకుని బైనాక్యులర్‌తో క్యాంపంతా చూసి, కెమెరాలు ఎక్కడున్నాయో ప్లాన్ వేసుకుని దిగడం అప్పట్లో వేరే లెవల్. పాపం ఏంటంటే మిషన్ మధ్యలో సేవ్ లేదు. అరగంట ఆడి చివర్లో చస్తే మళ్ళీ మొదటికి, నెట్ సెంటర్ అన్న మీటర్ మాత్రం ఆగదు! ఇది ఇప్పటికీ కొనడానికి దొరుకుతుంది కాబట్టి నా మొదటి ప్రశ్నలో మార్కులు పోతాయి. రెండో ప్రశ్నలో మాత్రం ఫుల్ మార్కులు. ఐడియా బంగారం, శత్రువుల తెలివి సున్నా. రీమేక్ అంటే సరిగ్గా ఇలాంటి గేమ్‌కే.

సరే, ఇవి ఎందుకు రావట్లేదు? ఇది నాకు కొంచెం గట్టిగా తగిలే పాయింట్. కంపెనీ రీమేక్ చేయాలంటే అమ్మకాల లెక్క చూస్తుంది. మనం ఆడింది ఎక్కువగా కోఠి ఫుట్‌పాత్ సీడీల్లో, నెట్ సెంటర్ కాపీల్లో, పెన్ డ్రైవ్‌లలో. కాయిన్ వేసి ఆడిన ముస్తఫా మెషీన్ల లెక్క జపాన్ దాకా ఎవరు పంపారు? వాళ్ళ ఎక్సెల్ షీట్‌లో మనం లేనే లేం. ఒక తరం మొత్తం ఆడింది, కానీ రికార్డులో ఆడనట్టే.

చేసే చేతులు ఇక్కడ లేవా అంటే, ఉన్నాయి. ఈఏకి మన హైదరాబాద్‌లోనే స్టూడియో ఉంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా సాండ్స్ ఆఫ్ టైమ్ రీమేక్‌ని 2020లో ప్రకటించినప్పుడు అది యూబీసాఫ్ట్ పుణె, ముంబై టీమ్స్ పని. ట్రైలర్ చూసి అందరూ తిట్టారు, వాయిదాలు పడింది, 2022లో మాంట్రియల్‌కి వెళ్ళింది, 2026 జనవరిలో మొత్తానికే రద్దయింది. "ఇండియా వాళ్ళకిస్తే ఇంతే" అని రాసినవాళ్ళున్నారు. కానీ మాంట్రియల్‌కి వెళ్ళాక కూడా బయటికి రాలేదు కదా? ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా చెప్తున్నా, పాత కోడ్‌ని కొత్తగా రాయడం కొత్త కోడ్ రాయడం కన్నా కష్టం. ప్రతి యూజర్‌కీ పాతది ఎలా ఉండేదో గుర్తుంటుంది, నిజంగా ఉన్నదానికన్నా బాగా గుర్తుంటుంది.

నా ఫైనల్ ఆర్డర్: ముస్తఫా ఫస్ట్, ఎందుకంటే దాన్ని న్యాయంగా కొనుక్కునే దారే లేదు, ఎంత చిన్న మెషీన్‌లో అయినా నడుస్తుంది. తర్వాత క్రికెట్ 07. మూడు ఐజీఐ.

మనం చేయగలిగింది ఒకటుంది. నచ్చిన పాత గేమ్ సేల్‌లో బిర్యానీ ఖర్చులో వస్తుంటే, ఇప్పుడు జీతాలొస్తున్నాయి కదా, కొనండి. ఆ ఎక్సెల్ షీట్‌లో ఒక గడి అయినా మనది ఉండాలి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ నెట్ సెంటర్లు ఏమయ్యాయో మాట్లాడుకుందాం. అప్పటిదాకా బై, జాగ్రత్త.