ప్రోస్టేటు ఆపరేషనుకు ముందు చెప్పవలసిన మాటలు



నేను వైద్యుణ్ణి కాను, బడిపంతులును. అయినా మన డర్బనులో అరవై దాటిన మగవారు పైకి అనని సంగతి ఒకటి ఉన్నది, అది నేనే అంటున్నాను. మన సాయంకాలపు తెలుగు తరగతిలో ఈ గ్రంథికి మాట నేర్పలేదు. పుస్తకములలో పౌరుషగ్రంథి అని ఉన్నది. ప్రోస్టేటు అంటేనే అందరికీ తెలుస్తుంది.

దానికి క్యాన్సరు వచ్చినప్పుడు గ్రంథిని తీసివేయుటకు 2000 సంవత్సరము నుండి రోబోటును వాడుచున్నారు. అది తనంతట తాను కోయదు, సర్జను కూర్చుని నడిపిస్తాడు. చిన్న రంధ్రములే గనుక రక్తము తక్కువ పోతుంది. ఇది నిజమే. కాని "రోబోటు ఉండగా నా బి.పి., షుగరు సంగతి ఎందుకు?" అనుకోవడము సరికాదు. ఆ బల్లమీద ఏమి జరుగుతుందో వినండి. పొట్టలోనికి కార్బన్ డయాక్సైడు వాయువు నింపి, తల క్రిందికి, కాళ్ళు పైకి ఉండేటట్లు బల్లను బాగా వంచి, రెండు మూడు గంటలు అట్లాగే ఉంచుతారు. ఊపిరితిత్తులు నొక్కుకుపోతాయి. గుండెకు పని పెరుగుతుంది. కంటిలో ఒత్తిడి కూడా పెరుగుతుంది. గుండె బలహీనముగా ఉన్నవారికి, పొగత్రాగి ఊపిరితిత్తులు చెడినవారికి, గ్లాకోమా ఉన్నవారికి ఇది చిన్న సంగతి కాదు.

ఇక మన ఇండియనుల ఇండ్లలో ఎక్కువగా ఉన్నది చక్కెర జబ్బు. అది అదుపులో లేకపోతే గాయము ఆలస్యముగా మానుతుంది, చీము పడుతుంది. మూత్రపు గొట్టము సుమారు వారము రోజులు ఉంటుంది గదా, అక్కడ ఇన్‌ఫెక్షను రావచ్చు. నరములు ముందే దెబ్బతిని ఉంటే మూత్రము ఆపుకొనే శక్తి, దాంపత్య శక్తి తిరిగి రావడము కష్టము. రోబోటును తప్పుపట్టి లాభము లేదు.

మేరీ చార్ల్సన్ అనే అమెరికా వైద్యురాలు 1987లో పాత జబ్బులకు మార్కులు వేసే పట్టిక ఒకటి ప్రకటించారు. మామూలు మధుమేహమునకు 1, అది అవయవములను చెరిపితే 2. పంతులుకు మార్కులంటే ఇష్టమే, కాని ఇక్కడ ఎక్కువ రాకూడదు.

మందుల సంగతి మరీ ముఖ్యము. రక్తము పలుచబడే మాత్రలు రక్తస్రావము పెంచుతాయి. ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త షుగరు మాత్రలను కనీసము మూడు రోజుల ముందు ఆపిస్తారు. లేకపోతే షుగరు అంకె బాగున్నా రక్తము ఆమ్లమయ్యే ప్రమాదము ఉన్నది. ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీరు మానవద్దు.

తొందర కూడా అక్కరలేదు. గ్రంథి దాటని క్యాన్సరు ఉన్న 1,643 మందిని బ్రిటనులో సుమారు 15 ఏండ్లు గమనించి 2023లో ఫలితము ప్రకటించారు. ఆపరేషను, రేడియేషను, కనిపెట్టి చూడడము, ఏ దారి పట్టినా నూటికి 97 మంది ఆ క్యాన్సరుతో చనిపోలేదు. కాబట్టి చాలామందికి షుగరు దించుకొనుటకు, సిగరెట్టు మానుటకు వ్యవధి ఉంటుంది. ఇతర జబ్బులు బరువుగా ఉంటే అసలు ఆపరేషను కావాలా అని కూడా అడగండి.

మాత్రల డబ్బాలన్నీ సంచిలో వేసికొని పొండి, వెల్లుల్లి మాత్రలతో సహా. ఇంటావిడను వెంట తీసికొని పొండి. మీరు ఏ మాత్ర ఎగవేశారో ఆమెకే తెలుసు.

టీ సిద్ధమైనదట. సెలవు.