బండి క్రింద గాలితిత్తులు



కమ్మరి కొలిమియొద్ద తిత్తిని చూడనివారు మీలో నుండరు. అట్టి తిత్తులే రెండు, తోలునకు మారుగా దళసరి రబ్బరుతో చేసి, మోటారుబండి వెనుక ఇరుసునకును, పైనున్న ఇనుప చట్రమునకును నడుమ నిలిపి, వానిలో గాలి నింపి, బరువునకు క్రుంగిన బండిని మరల సమముగా నిలుపు పద్ధతి యొకటి అమెరికా దేశమున విరివిగా వాడుకలో నున్నది. బండి కొన్న తరువాత వేరుగా కొని తెచ్చి బిగించుకొను సామగ్రి యిది. దీనిని నేను నా యింటి ముంగిట, నా చేతులతోనే బిగించుకొంటిని. ఆ పని యెట్లు జరిగినదో, దానివలన కలుగు మేలెంతయో, కలుగని మేలేదో నేడు మనవి చేయుదును.

నేను టెక్సాసు రాష్ట్రమున ఒక చిన్న ఊరి వెలుపల నివసించుచున్నాను. కొలదిగా మేకలను పెంచుచున్నాను. అచ్చట పికప్పు అను బండి లేని సంసారి అరుదు. ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక మూతలేని తొట్టి; కారునకును లారీకిని నడిమి జాతి యని చెప్పవచ్చును. ఆ దేశమున నున్న మీ పిల్లలు పంపు ఛాయాపటములలో మీరును దీనిని చూచియే యుందురు. నేను ఎండుగడ్డి తెచ్చుటకు ఈ బండి వెనుక మరియొక తోకబండిని తగిలింతును. గడ్డితో కూడిన తోకబండి బరువు సుమారు 2400 కిలోలు. అందులో ఎనిమిదవ పాలు, అనగా 300 కిలోలు, పికప్పు తోకపై మోపబడును. అంతట వెనుక భాగము క్రుంగును, ముందు భాగము లేచును.

ఇందలి చిక్కు మీకు నేను చెప్పనక్కరలేదు. ఎడ్లబండికి బస్తాలు వేయునపుడు మొగ్గు చూచుట మనవారికి పుట్టుకతో వచ్చిన విద్య. వెనుక మొగ్గు ఎక్కువైనచో కాడి పైకి లేచి, పలుపులు ఎద్దుల గొంతులకు బిగియును; ముందు మొగ్గు ఎక్కువైనచో కాడి మెడలను నలుపును. మోటారుబండికి ఎద్దులు లేవు గాని, బాధ అట్టిదే. వెనుక క్రుంగినచో ముందు చక్రములపై బరువు తగ్గి, చుక్కాని తేలికపడును. దీపముల వెలుగు రోడ్డు మీద పడుటకు మారుగా ఎదురుగా వచ్చువాని కన్నులలో పడును. గతుకులో పడినపుడు ఇరుసు పైకెగసి చట్రమును తాకును.

మన లారీలకును, ఈ పికప్పులలో పెక్కింటికిని వెనుక నుండునవి కమాను పట్టీలు. ఉక్కు పట్టీ వంగినకొలది దాదాపుగా ఒకే లెక్కన ఎదురు తిరుగును. గాలి స్వభావము వేరు. బంధించిన గాలిని సగము చోటికి నొక్కినచో దాని ఒత్తిడి రెండింతలగునని బాయిల్ అను శాస్త్రజ్ఞుడు 1662లో ప్రకటించెను. కావున గాలితిత్తి కొంచెము నొక్కినపుడు మెత్తగా నుండి, మరింత నొక్కినకొలది మరింత గట్టిగా ఎదురు తిరుగును. పైగా ఉక్కుపట్టీ గట్టితనమును మనము మార్చలేము. తిత్తిలోని గాలిని పెంచుటయు తగ్గించుటయు మన చేతిలోనిది. ఆ గుణమే దానికి విలువ తెచ్చినది.

గాలిపై బండి నడచుట వింత కాదు. డన్లప్ 1888లో గాలి టైరు చేసెను. తరువాత మన పల్లెలలో టైరుబండ్లు వచ్చినవి. చెక్క చక్రములపై ఇనుప పట్టాతో నడచిన బండికిని, దీనికిని భేదమెంతయో దానిని లాగిన ఎద్దులే ఎరుగును. ఇరుసుపై గాలితిత్తులుంచి నడపు బస్సులను జనరల్ మోటార్సు వారు 1953లో అమెరికాలో ప్రవేశపెట్టిరి. 1957లో కాడిలాక్ సంస్థవారు మిక్కిలి ఖరీదైన యొక కారుకు వీనిని అమర్చిరి గాని, గాలి నిలువక కారిపోవుచుండుటచే ఎందరో యజమానులు వానిని ఊడబెరికించి ఇనుప స్ప్రింగులు వేయించుకొనిరి. మన ఆర్టీసీ వారు గరుడ యను పేర నడపు వోల్వో బస్సులో ప్రయాణము చేసినవారు గాలితిత్తులపై కూర్చుండి వచ్చినవారే. బస్సులో తిత్తులే బరువంతయు మోయును. నేను చెప్పు పికప్పులో నట్లు గాదు. కమాను పట్టీలు యథాస్థానమున నుండును, తిత్తులు వానికి తోడుమాత్రమే.

ఇక బిగింపు. దీనికి ఒక పూట పట్టినది. పని కష్టమైనది కాదు, కాని బండి క్రిందికి చేరి చేయవలసిన పని. అందుచేత నేను మరలను గూర్చికంటె బండిని నిలుపుటను గూర్చియే ఎక్కువ చెప్పుదును. బండిని మట్టినేలపై గాక, గట్టి సిమెంటు గచ్చుపై నిలిపితిని. చేతిబ్రేకు వేసితిమిగదా యని చాలమంది ధైర్యపడుదురు. ఈ బండ్లలో చేతిబ్రేకు పట్టునది వెనుక చక్రములను మాత్రమే. మనము పైకెత్తునవియు ఆ వెనుక చక్రములే! అవి నేలను విడిచిన క్షణమున ఆ బ్రేకు పట్టియు పట్టనట్లే. కావున ముందు చక్రములకు రెంటికిని, ముందొకటి వెనుకొకటి చొప్పున నాలుగు చెక్కమేకులు అడ్డము పెట్టితిని. ఎడ్లు విప్పిన బండి చక్రములకు రాయి అడ్డము వేయు అలవాటే యిది. జాకీతో ఎత్తిన పిమ్మట చట్రము క్రింద రెండు ఇనుప స్టాండులు నిలిపి, బరువు వానిపై దింపి, బండిని చేతులతో బలముగా ఊపి చూచి, కదలదని రూఢిపరచుకొన్న తరువాతనే క్రిందికి దూరితిని. జాకీ ఎత్తుటకేగాని మోసి యుంచుటకు కాదు. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రింద పండుకొని ప్రాణములు పోగొట్టుకొన్నవారు అన్ని దేశములలోను కలరు.

లోపల ఇరుసునకు పైన, చట్రమునకు అంటుకొని ఒక రబ్బరు ముద్ద యుండును. అది ఇరుసు దెబ్బను కాచునది. నా సామగ్రిలో దానిని తీసివేసి, ఆ చోటనే తిత్తి పైపలకను బిగింపవలెను. క్రిందిపలకను ఇరుసునకు పట్టీతో బంధింపవలెను. తిత్తి చుట్టును ఒక వ్రేలెడు ఖాళీ యుండవలెను. తిత్తికి గాలి నిండినపుడు నడుము ఉబ్బును. అప్పుడు దానికి ఏ ఇనుప అంచు తగిలినను, బ్రేకు గొట్టము తగిలినను, కొలది నెలలలో చిల్లిపడును. పొగగొట్టము సమీపముననున్నచో వేడికి రబ్బరు మాడును గనుక, దానికి అడ్డుగా రేకు కట్టవలెను. గాలి పోవు సన్నగొట్టమును పదునైన కత్తితో నిలువుగా, ఏటవాలు లేకుండ కోయవలెను. కత్తెరతో నొక్కి కోసినచో మొన చప్పిడియై, కూర్పు వద్ద గాలి చీదును. గాలి కారుటకు మూలము తిత్తికంటె ఈ కూర్పే యని నా యనుభవము.

రెండు తిత్తులకును వేర్వేరు గొట్టములు, వేర్వేరు వాల్వులు అమర్చితిని. ఒకే గొట్టముతో రెంటిని కలిపినచో పని సులభమే. కాని మలుపులో బండి ఒక ప్రక్కకు ఒరిగినపుడు, నొక్కబడిన తిత్తిలోని గాలి రెండవదానిలోనికి పారి, ఒరిగిన బండిని మరింత ఒరగజేయును. ఆదా చేయదగని చోట ఆదా చేయుట యన నిదియే.

అన్నియు బిగించి, గాలి పట్టి, కూర్పులన్నిటికి సబ్బునీరు పూసితిని. సైకిలు ట్యూబును నీటితొట్టిలో ముంచి బుడగలు చూచుటకు ఇది తమ్ముడు. మరునాటివరకు విడిచి, ఒత్తిడి తగ్గలేదని చూచిన తరువాతనే బరువు వేసితిని.

అంతకుముందే, బిగింపక పూర్వము, చక్రము నడిమినుండి పైనున్న రేకు అంచువరకు కొలతలు వ్రాసియుంచుకొంటిని. బరువు లేనపుడు వెనుక 60 సెంటీమీటర్లు, ముందు 54. తోకబండి తగిలించినపుడు వెనుక 52, ముందు 56. తిత్తులకు 40 పాయింట్ల గాలి పట్టగా వెనుక 59కి లేచినది. దీపముల వెలుగు మరల రోడ్డుపైకి దిగినది. ఇరుసు చట్రమునకు తగులుట మానినది. కాని ముందు కొలత 56 వద్దనే నిలిచినది. అనగా ముందు చక్రములపై తగ్గిన బరువు తిరిగి రాలేదు. తిత్తి ఎత్తును సరిచేసినదేగాని, మొగ్గును సరిచేయలేదు. బండి చూపునకు సమముగా నున్నది గనుక బరువును సమముగా నున్నదని భ్రమపడరాదు. గడ్డిమోపులను తోకబండిలో సరిగా సర్ది మొగ్గు చూచుకొనుట ఎప్పటివలెనే నా పని.

ఈ భ్రమ ఎంత సులభముగా కలుగునో పదిదినములలోనే తెలిసినది. మా ప్రక్క వీధిలో గుంటూరు వైపు కుర్రవాడొకడు ఇల్లు కట్టుకొనుచున్నాడు. నా బండిని చూచి, "బాబాయిగారూ, ఇప్పుడు బండి క్రుంగుట లేదు గదా! కాంక్రీటు సంచులు ముప్పది ఒకేసారి తెచ్చుకొందమా?" అనెను. ఒక్కొక్క సంచి సుమారు 36 కిలోలు. నేను మారు పలుకక తలుపు తెరచి, దాని ప్రక్క కమ్మీపై అంటించిన చీటీ చూపితిని. మనుష్యులును సరకును కలిసి 699 కిలోలు మించరాదని అందున్నది. ఆ దేశమున ప్రతి పికప్పునకును తయారుచేసినవారే ఇట్టి చీటీ అంటింతురు. తిత్తులు వేసినంతమాత్రమున అందలి అంకె మారదు. ఇరుసు అదియే, టైర్లు అవియే, బ్రేకులు అవియే. పైగా తిత్తుల సామగ్రి తూకము, నా బండికి సుమారు 15 కిలోలు, ఆ 699లోనుండియే తీసివేయవలెను.

"అట్లయిన ఈ తిత్తులెందుకు బాబాయిగారూ?" అని అతడడిగెను. అడుగదగిన ప్రశ్నయే. చీటీలో చెప్పిన బరువును క్రుంగక మోయుటకు. అంతకు మించి మోయుటకు కాదు. మించిన బరువుతో తిత్తులు లేని బండి క్రుంగి, యజమానికి హెచ్చరిక చేయును. తిత్తులున్న బండి ఆ హెచ్చరిక చేయదు, నిటారుగానే నిలుచును. వేసవిలో టెక్సాసు రోడ్డుపై టైరు పగిలినపుడు గాని, దిగుడులో బ్రేకు పట్టనపుడు గాని సంగతి తెలియదు. ఈ మాట విని అతడు కొంతసేపు ఊరకుండెను. పిమ్మట ఇద్దరము కూర్చుండి లెక్క వేసితిమి. ఇద్దరము పోయినచో మా బరువు 150, సామగ్రి 15. మిగిలినది 534 కిలోలు, పదునాలుగు సంచులు. నేనొక్కడనే పోయినచో 609 కిలోలు, పదునారు సంచులు. మొదట పదునాలుగు, తరువాత పదునారు తెచ్చితిమి. రెండు మారులకు పెట్రోలు కర్చు అతడే పెట్టుకొనెను.

బరువు దింపిన తరువాత గాలి తగ్గింపవలెను. లేనియెడల ఉత్తబండి వెనుక లేచి, గుఱ్ఱమువలె ఎగురును. అట్లని పూర్తిగా తీయరాదు. నా తిత్తులకు 5 పాయింట్లు తక్కువ హద్దు, 100 ఎక్కువ హద్దు. గాలి బొత్తిగా లేనిచో తిత్తి మడతలు పడి నలిగి చిరుగును. తిత్తి చిన్నది గనుక కొలమానము పెట్టినపుడెల్ల కొంత గాలి పోవును. ఆ పోయినదానిని పట్టి మరల నింపవలెను. చలికాలమున ఒత్తిడి తనంతట తగ్గును, వేసవిలో పెరుగును. మొదటి 800 కిలోమీటర్లు నడచిన పిమ్మట మరలన్నిటిని మరల బిగించి చూచితిని. రెండు కొంచెము వదులై యుండెను. ఇప్పుడు గడ్డికి పోవు ప్రతిదినము ఉదయము టైర్లతోపాటు ఈ రెండు వాల్వులను కూడ చూచుచున్నాను. పట్టుకాలము అయిదు నిమిషములు.