హాలు తాళంచెవి గురించి ఒక మనవి
(అమలాపురంలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పది నిమిషాలు కేటాయించారు. డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడవలసిన పెద్దలు నా తరువాత ఉన్నారు కనుక వారి సమయం తినను. నేను మనవి చేయబోయేది ఒక తాళంచెవి గురించి. అది మన సంఘం హాలు తాళంచెవి. దానికి ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. అది ఒప్పుకోకపోతే ఈ కోరిక కోరే అర్హత నాకు ఉండదు.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. 1986లో నా పక్క సీటుకు ఒక కుర్రవాడు కొత్తగా వచ్చాడు. నన్ను "గురువుగారూ" అని పిలిచేవాడు. మా ఆఫీసులో ఒక అటెండరు రిటైరవుతుంటే అతని పింఛను కాగితాలు తయారుచేసే పని ఆ కుర్రవాడి మీద పడింది. సర్వీసు రిజిస్టరు పట్టుకొని నా దగ్గరకు వచ్చి "ఒక్కసారి చూసి పెట్టండి గురువుగారూ" అన్నాడు. చూశాను. మధ్యలో రెండు సంవత్సరాల సర్వీసుకు ధృవీకరణ సంతకం లేదు. ఆ కాగితాలు ఆక్షేపణతో తిరిగి వస్తాయని నాకు తెలుసు. అయినా "బాగానే ఉంది, పంపించు" అన్నాను.

ఎందుకన్నానో ఈనాటికీ సిగ్గుతో గుర్తు చేసుకుంటాను. ఆ రోజుల్లో సీటు పని తెలిసినవాడికే గౌరవం. తెలిసినది పక్కవాడికి చెబితే మన అవసరం తీరిపోతుందని భయం. మనలో చాలామందిమి అలాగే పెరిగాం. కాగితాలు అనుకున్నట్లే తిరిగి వచ్చాయి. కుర్రవాడికి మెమో ఇచ్చారు. అది ఎలాగో సర్దుకుంది. కాని ఆ అటెండరుకు పింఛను రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ అతను వారానికొకసారి ఆఫీసుకు వచ్చి, మెట్ల మీద కూర్చొని, నన్ను చూసి లేచి దణ్ణం పెట్టేవాడు. కారణం నేనని అతనికి తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

2020లో కరోనా వచ్చినప్పుడు హైదరాబాదు, బెంగుళూరులలో కంప్యూటరు ఉద్యోగాలు చేసే మన పిల్లలు ఇళ్లకు తిరిగి వచ్చిన సంగతి మీకు తెలుసు. మా వీధిలో అటువంటి కుర్రవాడు ఒకడు, ఆంక్షలు సడలించిన తరువాత, ఆదివారం పూట తన ఇంటి అరుగు మీద నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకొని వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పసాగాడు. మా మనుమరాలు అప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇంటర్ వరకు తెలుగు మీడియం. అంతకు ముందు ఒక శిక్షణ సంస్థకు వేలకు వేలు కట్టాం. వాళ్లు ఇంగ్లీషులో గడగడా చెప్పి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపించారు. పిల్లకు ఒక్క ముక్క రాలేదు. "నా బుర్రకు ఎక్కదు తాతయ్యా" అని ఏడ్చింది. ఖర్చు లేదు కదా అని ఆ అరుగు దగ్గరకు నేనే వెంటబెట్టుకొని వెళ్లాను. ఆడపిల్లను ఒంటరిగా పంపడం ఎందుకని పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాను.

అక్కడ జరిగే పద్ధతి చెబుతాను. గురువు, శిష్యుడు అనే తేడా లేదు. గత వారం ఒక సంగతి నేర్చుకున్నవాడు ఈ వారం పది నిమిషాలు దాన్ని మిగిలిన వారికి చెప్పాలి. తరువాత గంటన్నర ఎవరి పని వారు చేసుకుంటారు. లాప్‌టాప్ లేనివారు ఉన్నవారి పక్కన కూర్చుంటారు. చివరి అరగంట ఎవరి పేజీ చెడిపోయిందో వారు ముందుకు వచ్చి చూపించాలి. అందరూ కలిసి తప్పు వెతుకుతారు. ఎవరూ నవ్వరు. టీ ఖర్చు మనిషికి పది రూపాయలు.

నాకు కూర్చొని కూర్చొని కొంత అర్థం కాసాగింది. హెచ్.టి.ఎం.ఎల్. అనేది బ్రహ్మవిద్య కాదండి. మనం డ్రాఫ్టు వ్రాసి టైపిస్టుకు పంపేటప్పుడు మార్జినులో "ఇది హెడ్డింగు, ఇక్కడ కొత్త పేరా, దీని కింద గీత" అని గుర్తులు పెట్టేవాళ్లం కదా, సరిగ్గా అదే. మన టైపిస్టు స్థానంలో బ్రౌజరు ఉంటుంది. సి.ఎస్.ఎస్. అనేది ఫెయిర్ కాపీ అందం: ఎంత మార్జిను, ఏ రంగు, అక్షరం ఎంత లావు. జావాస్క్రిప్టు అనేది బెల్లు కొడితే కదిలే అటెండరు. నొక్కితే ఏం జరగాలో అది చూసుకుంటుంది.

మనుమరాలి ప్రోద్బలంతో నేను కూడా ఒక పేజీ తయారుచేశాను. టైపు హయ్యర్ పాసైన చేతులు కనుక కీబోర్డు భయం లేదు. తెరిచి చూస్తే తెలుగు అక్షరాలకు బదులు పిచ్చి గీతలు! చివరి అరగంటలో నా వంతు వచ్చింది. ఇంటర్ చదివే ఒక పిల్లవాడు చూసి, "తాతగారూ, ఇది ఏ లిపి పద్ధతో మీరు పైన చెప్పలేదు" అని యు.టి.ఎఫ్-8 అనే ఒక్క పంక్తి తలకట్టులో చేర్పించాడు. తెలుగు చక్కగా వచ్చింది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే మన తెలుగుకు 128 స్థానాలు కేటాయించారని, అది లేని రోజుల్లో ఒక్కొక్క వెబ్‌సైటుకు ఒక్కొక్క ఫాంటు దించుకోవలసి వచ్చేదని ఆ పిల్లవాడే వివరించాడు. డెబ్బై ఏళ్ల వయసులో పదిహేడేళ్లవాని వద్ద పాఠం విన్నాను. చిన్నతనంగా అనిపించలేదు.

ఒకనాడు ఆ ఉద్యోగం చేసే కుర్రవాణ్ణి అడిగాను. "బాబూ, ఇంత విద్య ఊరికే చెప్పేస్తున్నావు. రేపు వీళ్లే నీ ఉద్యోగానికి పోటీ వస్తే?" అతను అన్నాడు: "నేను నేర్చుకున్నదీ ఇలాగే తాతగారూ. హైదరాబాదులో పైథాన్ వాళ్ల మీటింగులకు శెలవు రోజుల్లో వెళ్లి చివరి కుర్చీలో కూర్చునేవాణ్ణి. నా పేరు కూడా అడగకుండా నా ప్రోగ్రాములో తప్పు చూపించిన వాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను తిరిగి ఇచ్చేది ఏమీ లేదు. ఇక్కడ ఇస్తున్నాను."

ఆ మాటకు నాకు మెట్ల మీద కూర్చున్న అటెండరు గుర్తుకు వచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తరువాత ఈ సంగతులు అడిగి తెలుసుకున్నాను. ఈ పద్ధతి కొత్తది కాదు. 1975 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకరి కారు షెడ్డులో ముప్పై మంది వరకు కూడి కంప్యూటర్ల గురించి తెలిసింది చెప్పుకోవడం మొదలుపెట్టారు. దాని పేరు హోంబ్రూ కంప్యూటర్ క్లబ్. తొలి సమావేశానికి వెళ్లిన స్టీవ్ వోజ్నియాక్ తరువాత తాను తయారుచేసిన ఆపిల్ కంప్యూటరు నక్షాలను అక్కడివారికి ఊరికే పంచిపెట్టాడు. వెబ్‌ను 1989లో ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్ లీ పనిచేసిన సెర్న్ సంస్థ, 1993 ఏప్రిల్ 30న దానిని ప్రపంచంలో ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. అలా ప్రకటించబట్టే మా అరుగు మీది పిల్లలు ఎవరి అనుమతీ అడగకుండా పేజీలు వ్రాసుకోగలుగుతున్నారు.

మన తెలుగువారిలోనూ ఇది ఉంది. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన స్వేచ్ఛ సంస్థ కంప్యూటరును తెలుగులో నడిపించే పని చేసి, ఇంజనీరింగు కళాశాలల్లో గ్లగ్ అనే లినక్స్ వాడుకరుల బృందాలను పెంచింది. హైదరాబాదులో పైథాన్ వాడేవారి బృందాన్ని హైద్‌పై అంటారు. 2009లో బెంగుళూరులో మొదలైన పైకాన్ ఇండియా అనే దేశస్థాయి సభ 2018లో హైదరాబాదులో జరిగింది. 2014లో బెర్లిన్‌లో ఇద్దరు యువతులు మొదలుపెట్టిన జాంగో గర్ల్స్ అనే కార్యక్రమం ఆడపిల్లలకు ఒక్క రోజులో మొదటి వెబ్‌సైటు చేయించి పంపుతుంది, ఫీజు లేకుండా. ఇవన్నీ నగరాల సంగతులు. మన గోదావరి పాయల మధ్యకు ఇవి తమంతట తాము రావు. మనమే చోటు చూపించాలి.

ప్రభల తీర్థం ఎరుగని వారు ఈ సభలో లేరు. ప్రభను ఒక్కడు ఎత్తలేడు. పొలాలకు, కాలువకు అడ్డంపడి మోసేటప్పుడు ఒకడి భుజం అలసిపోతే ఇంకొకడు వచ్చి భుజం ఇస్తాడు. నీది ఏ వీధి అని అడగరు. ఈ ఆదివారం కూడికలు కూడా అటువంటివే.

2022 మే నెలలో మన ఊళ్లో జరిగిన అల్లర్లు, ఆ తరువాత చాలా రోజులు ఇంటర్నెట్ నిలిపివేయడం మీరు మరచిపోలేదు. ఇంటి నుండి పనిచేసే పిల్లలు సిగ్నలు కోసం జిల్లా దాటి వెళ్లారు. ఆ ఆదివారాలు కూడా అరుగు మీద పాఠం ఆగలేదు. పేజీ వ్రాయడానికి, తెరిచి చూడడానికి నెట్ అక్కరలేదు, ఫైలు కంప్యూటరులోనే ఉంటుంది. ఊరంతా బిక్కుబిక్కుమంటున్న రోజుల్లో అన్ని వీధుల పిల్లలూ ఒకే తెర ముందు తలలు వంచుకొని తప్పు వెతకడం నేను కళ్లారా చూశాను. అది చూసినప్పటి నుండి ఇది ఉద్యోగం కోసం నేర్చుకునే విద్య మాత్రమే అని నేను అనుకోవడం లేదు.

2023లో ఆ కుర్రవాణ్ణి ఆఫీసుకు రమ్మన్నారు. వెళ్లిపోయాడు. తల్లిదండ్రులు కూడా వెంట వెళ్లారు. ఇంటికి తాళం పడింది. ఇప్పుడు మా మనుమరాలు, మరి ఇద్దరు పిల్లలు కలిసి నడుపుతున్నారు. కొన్నాళ్లు గుడి మండపంలో, కొన్నాళ్లు మా వసారాలో. వానాకాలం వస్తే అదీ లేదు. పిల్లలు ఇరవై మందికి పైగా అయ్యారు. రాజోలు వైపు నుండి బస్సులో వచ్చేవాళ్లు ఉన్నారు.

మన హాలు నెలకు ఒక్కరోజు తెరుస్తాం. మిగిలిన రోజులు సాలెపురుగులకు అద్దె లేకుండా ఇచ్చాం. ఆదివారం ఉదయం తొమ్మిది నుండి పన్నెండు వరకు ఈ పిల్లలకు ఇవ్వాలని నా ప్రతిపాదన.

అభ్యంతరాలు నాకు ముందే వినిపించాయి. కరెంటు బిల్లు ఎవరు కడతారు? మొదటి సంవత్సరం నా పింఛను నుండి నేను కడతాను. చెత్త ఎవరు ఊడుస్తారు? వాళ్లే ఊడ్చి తాళం వేస్తారు, పూచీ నాది. మనకేమిటి లాభం? 2018లో సి.ఎఫ్.ఎం.ఎస్. వచ్చిన తరువాత మన పింఛను లెక్కలన్నీ కంప్యూటరులోకి వెళ్లాయి. లైఫ్ సర్టిఫికెట్టుకు 2014 నుండి జీవన్ ప్రమాణ్ ఉంది. వీటికి మనం నెట్ సెంటరులో డబ్బులిచ్చి, ఫోను అపరిచితుల చేతిలో పెడుతున్నాం. పక్క గదిలో పిల్లలు ఉంటే, అడిగి మనమే నేర్చుకోవచ్చు. అయితే ఒక షరతు. వాళ్లను మన పనికుర్రాళ్లను చేయకూడదు. ఫోను వాళ్ల చేతికిచ్చి "చేసి పెట్టు" అనవద్దు. "ఎలాగో చెప్పు" అనాలి. ఓ.టి.పి. మాత్రం ఎవ్వరికీ చెప్పవద్దు, ఆ పిల్లలకు కూడా.

నేను తయారుచేసిన పేజీ ఏమిటో చెప్పి ముగిస్తాను. పింఛనుదారు పోతే కుటుంబ పింఛనుకు ఏమేమి కావాలి: మరణ ధృవీకరణ పత్రం, పి.పి.ఓ. నకలు, బ్యాంకు పాసుపుస్తకం, ఫోటోలు, ఎవరికి దరఖాస్తు చేయాలి, రసీదు ఎందుకు అడిగి తీసుకోవాలి. అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో. దాని అడుగున, ఇంకా సర్వీసులో ఉన్నవారి కోసం ఒక పేరా వ్రాశాను. సర్వీసు రిజిస్టరులో ప్రతి సంవత్సరానికీ ధృవీకరణ సంతకం ఉన్నదో లేదో ఇప్పుడే చూసుకోండి అని. 1986లో ఒక్కడికి చెప్పవలసిన ఆ మాట, ఇన్నేళ్లకు అందరికీ చెప్పాను. ఆ అటెండరు ఇప్పుడు లేడు. ఆ కుర్రవాడు ఈ సభలోనే, మూడవ వరుసలో, మన సంఘ సభ్యుడిగా కూర్చొని ఉన్నాడు. నిన్న సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆదివారం నేనూ వస్తాను గురువుగారూ" అన్నాడు.

అధ్యక్షుల వారూ, తాళంచెవి విషయం ఈ రోజే తీర్మానానికి పెట్టవలసిందిగా కోరుతున్నాను.